కాఫీ మరక బనియను

"నా బనియను ఉతికేశావు కదూ అక్కా?"

లాండ్రీ గది గుమ్మంలో కెప్టెన్ నిలబడ్డాడు. ఆరున్నర అడుగుల మనిషి, చంటిపిల్లాడిలా మూతి ముడుచుకున్నాడు. వెనకే టీమ్ మేనేజరు, కోచ్. మూడేళ్లు వరసగా కప్పు కొట్టిన బాస్కెట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో ముప్ఫై మ్యాచ్‌లాడి ఇరవై నాలుగు ఓడిపోయింది. ఇక ఆ తప్పు ఎవరి నెత్తినో రుద్దాలిగా! చివరికి బట్టలుతికే అక్క దొరికింది.

"నేనెందుకు ఉతుకుతాను?" అంది అక్క, జెర్సీలు మడతపెట్టడం ఆపకుండానే.

మొదటి కప్పు కొట్టిన ఏడు, తొలి మ్యాచ్ గెలిచిన రోజు ఆ బనియను మీద కాఫీ ఒలికింది. ఆ మరకలోనే అదృష్టముందని కెప్టెన్ గట్టి నమ్మకం. ప్రతి మ్యాచ్‌కీ జెర్సీ లోపల అదే వేసుకుంటాడు. సీజన్ అయ్యేదాకా దానికి నీళ్లు తగలకూడదు.

"సీజన్ మొదట్లో నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశావు!" అన్నాడు కెప్టెన్.

"వేశాను. నువ్వు మోకాళ్ల మీద కూర్చుంటే గానీ నా చెయ్యి అందలేదు. ఆ ఒట్టు తప్పలేదు."

"మరి అదృష్టం ఎటు పోయింది? ఉతికితేనే పోతుంది!"

మేనేజరు చెయ్యి చాపాడు. "వాదనలెందుకమ్మా. గది తాళాలు ఇచ్చేయండి. రేపట్నుంచి రానక్కర్లేదు."

పదకొండేళ్ల ఉద్యోగం! అక్కకు ఒళ్లు మండింది. తాళాలు బల్ల మీద టపీమని పెట్టింది. గూట్లోంచి బనియను తీసి మేనేజరు చేతిలో పడేసింది.

"వాసన చూసి మీరే చెప్పండి సార్, ఉతికానో లేదో."

మేనేజరు దాన్ని ముక్కు దాకా తెచ్చాడో లేదో, దగ్గు తెర పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఉతకలేదు... అమ్మబాబోయ్, నిజంగానే ఉతకలేదు!"

కోచ్ రెండడుగులు వెనక్కి వేసి కెప్టెన్ వైపు కొత్తగా చూశాడు. "అదన్నమాట సంగతి! టైమౌట్‌లో నువ్వు ప్లాన్ చెబుతుంటే ఒక్కడూ దగ్గరికొచ్చి వినేవాడు కాదు. నువ్వొకటి చెబితే వాళ్లొకటి ఆడారు సీజనంతా!"

"ఊరుకోండి సార్!" కెప్టెన్‌కు రోషం వచ్చింది. "ఆ మూడేళ్లూ ఇదే బనియను, ఇదే మరక. ఉతక్కుండానేగా వేసుకున్నాను! అప్పుడు కప్పులు రాలేదా?"

మేనేజరు కళ్లు తుడుచుకుంటూ తాళాలు మెల్లిగా అక్క వైపు జరిపాడు. ఆవిడ వాటిని తీసుకుని నడుముకు దోపుకుంది.

"అప్పుడు ఒట్టు లేదుగా తమ్ముడూ! మ్యాచ్ మ్యాచ్‌కీ శుభ్రంగా ఉతికి, ఆరేసి, నా గ్లాసులోని కాఫీ నాలుగు చుక్కలు దాని మీద పోసి ఇచ్చేదాన్ని."