నులక కట్టిన డబుల్ బేస్

“దీన్ని డబుల్ బేస్ అంటారా ఎవరన్నా? నులకమంచానికి మెడ మొలిచినట్టుండాది!”

బద్వేలు చర్చిలో, మనిషెత్తు వయొలిన్ లాంటి ఆ వాద్యం చుట్టూ తిరిగి, సంతలో గొడ్డును చూసినట్టు చూశాడు దావీదురాజు. కర్నూలు నుంచి వచ్చిన సంగీతం మాస్టారు. ఈ క్రిస్మస్‌కు దాన్ని వాయించనియ్యాలో, సామాన్ల గదిలో పడేసి కీబోర్డు తేవాలో తేల్చమని పాస్టరుగారు పిలిపించారు. ఇరవై ఏళ్ళుగా దాన్ని వాయిస్తున్న వడ్రంగి ఏసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఈ తీగలేంది?”

“దూదేకులోళ్ళ వింటి నరం సార్. దొరలిచ్చిన తీగలు తెగిపాయె.”

“నరాల కింద చెక్క?”

“ఇరిగిన కాడిమాను. తుమ్మ.”

“ఎద్దులను యాడ కట్టేసినావప్పా?”

పాస్టరుగారు నవ్వారు. దావీదురాజుకు ఊపొచ్చింది.

“అడుగున నరాలను పట్టుకున్న ఈ తాడు?”

“నులక సార్. పాటకొకతూరి సడలుతాది. బిగించుకుంటా.”

“పాటపాటకూ మంచం బిగించేవాడు వాద్యగాడంట! నీకుండేటివి చెవులా, తొర్రలా?”

“ఒక్క పాట వాయిస్తా సార్. ఇని చెప్పండి.”

“ఇనేదేముండాది? చూస్తేనే తెలుస్తాండాది. వాద్యమంటే ఏందో నేను ఇనిపిస్తా.”

సంచిలోంచి టేప్‌రికార్డరు తీశాడు. లోపలి క్యాసెట్ మీద పేరూ ఊరూ లేదు.

“ఎవరో కాపీ చేసిచ్చినారు. మద్రాసు పనితనం, అనుమానం లేదు. పదేండ్లుగా నా శిష్యులకు ఇదే పాఠం.”

పాట ముగియగానే టక్కున ఆపి వెనక్కి తిప్పుకోవడం ఆయన అలవాటు.

పాట మొదలైంది. గొంతుల కింద నుంచి డబుల్ బేస్ బరువైన నాదం లేచి చర్చి గోడలను తాకింది. పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. ఏసేపు వేళ్ళు ఊరికే నులకను తడిమాయి.

“ఇన్నావా? ఈ వాయించినాయన కనబడితే కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటా. నువ్వూ ఉండావు! అయ్యగారూ, ఈ మంచాన్ని గదిలో ఏపిచ్చండి.”

పాస్టరుగారు జేబులోంచి తాళంచెవి తీశారు. ఏసేపు తల వంచుకుని వాద్యాన్ని భుజానికెత్తుకున్నాడు. గెలిచిన సంబరంలో దావీదురాజు టేపు ఆపడం మరిచాడు.

పాట ముగిసింది. టేపు గరగరమంటూ తిరుగుతూనే ఉంది. అందులోంచి ఎవరిదో గొంతు వినిపించింది.

“ఏసేపూ, నులక బిగించప్పా!”