రెప్పల రాణి

"మళ్లీ కొట్టావు రెప్ప!" కోచ్ అరుపు పిస్తోలు శిక్షణ హాలు సిమెంటు గోడలకు తగిలి తిరిగొచ్చింది. "పిస్తోలు కన్నా ముందు నీ కళ్లే పేలుతున్నాయి కదమ్మా రెప్పల రాణీ!"

ఆ అమ్మాయి పిస్తోలు దించి నేలచూపులు చూసింది. వరసగా పదో గుండూ గురి తప్పింది.

"చప్పుడు తలుచుకుంటేనే మూసుకుపోతున్నాయి సార్. నా చేతుల్లో లేదు."

"చేతుల్లో కాదు, చెవుల్లో ఉంది నీ రోగం. చప్పుడు ఆపే ఆ చెవి కప్పులు తీసి అవతల పడేసి కాల్చు. చప్పుడు చుట్టమైపోతే భయం దానంతటదే పోతుంది. ఆరు నెలల్లో జట్టు ఎంపిక పోటీలు. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే పని చూసుకో."

విసుగులో నోటికొచ్చిన మాట అది. సాయంత్రానికల్లా ఆయన మర్చిపోయాడు. ఆ అమ్మాయి మాత్రం మర్నాటి నుంచి అందరికన్నా ముందొచ్చి, అందరూ వెళ్లాక వెళ్లేది.

అయిదో నెలకి గుళ్లన్నీ నడిమధ్యనే పడసాగాయి. కోచ్ నమ్మలేకపోయాడు. ఆమె గురి చూస్తుండగా వెనక నుంచి ఇనప రేకు నేలకేసి కొట్టాడు. పక్క వరసల్లో చెవి కప్పులు పెట్టుకున్నవాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు. ఆమె రెప్ప కదల్లేదు.

"పిడుగు పడినా చలించేట్టు లేదు!" తుపాకుల గది చూసే పెద్దాయన దగ్గర మురిసిపోయాడు కోచ్. "మనిషే మారిపోయింది. ఒకప్పుడు నేను మాట్లాడితే నేల చూసేది. ఇప్పుడు ముఖంలోకి సూటిగా చూస్తోంది."

"ఎవరితోనూ కబుర్లాడట్లేదు కూడానండీ."

"ఏకాగ్రతయ్యా అది!"

ఎంపిక పోటీలో ఆమెదే మొదటి స్థానం. పాతికేళ్లలో ఆయన శిష్యుల్లో జట్టుకెక్కింది ఆమె ఒక్కతే. హాలంతా చప్పట్లు. కోచ్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమిటండీ మీ కిటుకు?" అడిగాడు విలేకరి.

"ఏముంది, భయం పోగొట్టాను!"

ఆమె గోడవైపు తిరిగి పిస్తోలు పెట్టెలో సర్దుకుంటోంది. కోచ్ వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఆ రోజు నోరు పారేసుకున్నానని ఇప్పుడు గుర్తొచ్చింది. మనసులో పెట్టుకోకమ్మా."

ఆమె ఇటు తిరక్కుండానే పెట్టె మూత వేసింది. ఇంకా కోపం పోలేదు కాబోలనుకుని మెల్లిగా భుజం తట్టాడు. ఆమె అదిరిపడింది. రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. ఇటు తిరిగి, ఆయన్ని చూసి నవ్వేసింది.

"మీ పెదాలు కనబడలేదు సార్, మళ్లీ చెప్పండి."