బుద్ధిమంతురాలు

"ఏడుపు ఆపితేనే తలుపు తీస్తా. అప్పటిదాకా గుండెలు బాదుకున్నా ఇంతే!"

టీచరమ్మ స్టోర్ రూమ్ గడియ బిగించింది. లోపల ఆమె కూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది. రెండో తరగతి పిల్ల, అచ్చుగుద్దినట్టు తల్లి పోలికే. పొద్దున బడిలో పద్యం మధ్యలో మర్చిపోయి అందరి ముందూ భోరుమంది. ఊరందరి పిల్లలకీ బుద్ధులు నేర్పే అమ్మ ఆ పక్క గదిలోనే పాఠం చెబుతోంది. ఇంకేముంది, తల కొట్టేసినట్టయింది.

"తలుపు తియ్యవే," అంటూ టీచరమ్మ తల్లి గోడ పట్టుకుని వచ్చింది. "పసిది. చీకటంటే హడలు దానికి."

"నన్నూ ఈ గదిలోనే పెట్టేదానివిగా అమ్మా. చెడిపోయానా? గట్టిపడ్డాను."

"ఏం గట్టిపడ్డావో! నీ వేలు చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది."

టీచరమ్మ కుడిచేతి చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంటుంది. ఏడేళ్లప్పుడు ఈ తలుపులోనే పడి నలిగింది. అప్పుడు తను కిక్కురుమనలేదు కాబట్టి సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు.

"ఏడిస్తే ఇంకో గంట అన్నావు. ఏడవలేదు. అంతేగా," అంది టీచరమ్మ మామూలుగా.

అంతలో లోపల ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

"చూశావా? మొండికి మందు ఇదే."

గడియ తీయగానే పిల్ల తల వంచుకుని బయటికొచ్చింది. కళ్లు పొడిగా ఉన్నాయి. నేరుగా వెళ్లి బల్ల ముందు కూర్చుని పద్యం రాసుకోవడం మొదలుపెట్టింది. టీచరమ్మ అలవాటు కొద్దీ తలుపు మూసి మళ్లీ గడియ పెట్టింది.

"ఇంకెప్పుడైనా ఏడుస్తావా?"

"ఏడవను."

ఎంత బుద్ధిమంతురాలో! అయినా ఆ గొంతు వింటే టీచరమ్మకు ఎందుకో దిగులేసింది.

అమ్మమ్మ పాలగ్లాసు తెచ్చింది. "తాగు బంగారం. భయమేసిందా?"

పిల్ల తలెత్తి ముసలావిడ ముఖంలోకి చూసింది.

"లేదమ్మా. నేను ఏడవలేదమ్మా. ఇంకో గంట వద్దమ్మా."

గ్లాసు జారి పడింది. పాలు బల్ల కిందికి పారాయి.

"అమ్మమ్మని పట్టుకుని అమ్మా అంటావేంటే?" అని నవ్వబోయిన టీచరమ్మ చూపు పెన్సిలు పట్టుకున్న చేతి మీద ఆగింది. చిటికెనవేలు కొక్కెంలా వంగి ఉంది.

"అయ్యో, తలుపులో పడిందా?" అని గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. నెత్తురు లేదు. ఏనాడో మానిపోయిన గాయం. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఇది మన పిల్ల కాదే," అంది ముసలావిడ, గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోతూ. "ఇది నువ్వే."

అప్పుడు గడియ పెట్టిన తలుపును లోపలి నుంచి ఎవరో మెల్లగా తట్టారు.

"అమ్మా... ఏడుపు ఆపేశాను. ఇప్పుడు తీస్తావా?"