అద్దానికి హారతి

2006లో, అమెరికాలో మేముండే అరోరాలో ఒక పెద్దావిడ పోతే ఆమె సామాను అమ్మకానికి పెట్టారు. యాభైల నాటి అమెరికా వస్తువులంటే మావారికి పిచ్చి. గుండ్రటి అద్దమున్న డ్రెస్సింగ్ టేబుల్ తెచ్చి మా అమ్మాయి శ్రుతి గదిలో పెట్టారు.

ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా నేను బొట్టు పెట్టి హారతి ఇస్తాను.

"అద్దానికి హారతేమిటే ప్రమోదా? కొత్త కారనుకున్నావా?" అని నవ్వుతూ ఆయన కిందికి వెళ్లారు.

"త్వరగా అమ్మా! స్కూల్లో ఫిఫ్టీస్ డాన్స్. ఆ కాలం వాళ్లలా హెయిర్ కర్ల్ చేసుకోవాలి," అంది శ్రుతి, అద్దం ముందు కూర్చుని.

చీకటి పడుతోంది. హారతి తిప్పి పళ్లెం చాపాను. శ్రుతి కళ్లకద్దుకుని, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. అప్పుడు అద్దంలో మరో రెండు చేతులు మంట మీదికి వచ్చాయి. గోళ్లకు ఎర్రరంగు. శ్రుతిని చూసి నేర్చుకున్నట్టు, నెమ్మదిగా హారతి తీసుకున్నాయి.

పక్కకు చూశాను. ఎవరూ లేరు.

స్వామీ, హారతిచ్చి పిలిచిన మనిషిని పొమ్మని ఎలా అనను?

"శ్రుతీ, లే. కిందికి పద."

అది కళ్లు తెరవకుండానే నవ్వింది.

"అంత టైట్‌గా చుట్టకమ్మా, జుట్టు లాగుతోంది."

నా రెండు చేతుల్లోనూ పళ్లెం ఉంది.