దేవదత్తకు తెరవని తలుపు

మాకు ఇల్లు వచ్చిందన్న కబురు అందినప్పుడు నేనూ మా ఆయనా ఒకే గ్లాసులో చెరుకురసం తాగుతున్నాం. సంతోషంలో సగం నా కొత్త చీర మీదే ఒలికింది. సాయంత్రానికల్లా కాకినాడలోని ఆ ఇంటి ముందున్నాం. ఆయన అక్క వసుమతి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మొగుడి పేరు చెప్పి లోపలికి రా!"

సిగ్గుపడుతూ చెప్పాను. "దేవదత్త."

ఇప్పటి తలుపులు పేరు వినగానే ఆ పేరున్న అందరి చరిత్రా తిరగేస్తాయి.

"దేవదత్త. బుద్ధుడి మీదికి బండ దొర్లించినవాడు. ప్రవేశం లేదు," అంది తలుపు.

వదిన పకపకా నవ్వింది. "వీడా? గ్యాసుబండే దొర్లించలేడు!"

నాకు నవ్వు రాలేదు. "ఆ పేరుతో చెరువులు తవ్వించినవాళ్లు, వైద్యం చేసినవాళ్లు లేరా?" అని అరిచాను.

"వాళ్ల మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అందుకే నాకు తెలియదు. పేరు మార్చుకుంటే రావచ్చు."

ఆయన నెమ్మదిగా, "పోనీ మార్చుకుంటాలే, హైమా," అన్నారు.

ఒళ్లు మండిపోయింది. "నా మెడలో తాళి కట్టింది దేవదత్త. ఇంకో పేరువాడితో నేను కాపురం చెయ్యను. రేపు పొద్దున్నే వడ్రంగిని తీసుకొస్తాను. ముందు ఈ తలుపు ఊడదీయిస్తా, తరవాతే పాలు పొంగిస్తా!"