తన్నిన కుందేలు

పెరటి గూట్లో రెండు కుందేళ్లుండేవి. తెల్లదాన్ని ఎవరెత్తినా కదిలేది కాదు. బూడిద రంగుది వెనక కాళ్లతో ఈడ్చి తన్నేది.

ఒకనాడు పిల్లలున్న ఇంటివాళ్లు కుందేలు కోసం వస్తున్నారని తెలిసింది.

"నిన్నెవరు తీసుకెళ్తారే, తన్నులమారీ?" అంది గింజలేరుకుంటున్న కోడి. "పిల్లలకు తెల్లదానిలాంటి బుద్ధిమంతురాలు కావాలి."

తెల్లది వణికింది. "అది బుద్ధి కాదు కోడత్తా, భయం. ఎత్తగానే ఒళ్లు కొయ్యబారిపోతుంది. రోజుకు పదిసార్లు ఎత్తితే నేను బతకను."

"మరి తన్నవేం?"

"కాళ్లాడితేగా!"

సాయంత్రం వాళ్లు వచ్చారు. చిన్నపిల్ల తన్మయి తెల్లదాన్ని ఎత్తుకుంది. అది కదల్లేదు.

"అమ్మా, దీనికి నేనంటే ఎంత ఇష్టమో!"

తర్వాత బూడిదదాన్ని ఎత్తబోయి గట్టి తన్ను తింది. చేయి రుద్దుకుని, నేల మీద చతికిలబడి, దూరం నుంచే గరిక చూపించింది. బూడిదది తనంతట తనే వచ్చి తింది.

"దీన్నే తీసుకుందాం," అంది తల్లి.

"తన్నిందమ్మా!"

"అందుకే. ఎప్పుడు వదిలెయ్యాలో ఇదైతే నీకు చెబుతుంది."

వాళ్లు వెళ్లిన చాలాసేపటికి గాని తెల్లదాని కాళ్లు కదల్లేదు.