ఒక పంటకాలం

"పప్పులో ఉప్పు ఇప్పుడు వెయ్యొద్దు. ఉడికినాక వేసేది," అంది సరోజినీదేవి, ముక్కాలిపీట మీద నుంచి లేవకుండానే.

కోటిలింగం ఉప్పు చెంచా పట్టుకొని పొయ్యి ముందు నిలబడిపోయాడు. వంటగది గడప తొక్కితే చాలు, మీకు ఈడేం పని అని తరిమేసే భార్య, కొన్నాళ్లుగా ఆయన చేత అన్నం వండిస్తోంది, పప్పు చేయిస్తోంది, పాలు తోడు పెట్టిస్తోంది. ఎందుకో ఆయనకు అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాడు.

బళ్లారి దగ్గరి సిరుగుప్పలోని రైసుమిల్లును కొడుకు చంద్రశేఖర్‌కు అప్పజెప్పాక కోటిలింగానికి పొద్దు పోవడం లేదు. కొడుకూ కోడలూ మిల్లు పక్కన వేరే ఇంట్లో ఉంటారు. ఈయన ఫోనులో వీడియోలు చూసి చూసి చివరికి ఇండోనేషియా మీద మనసు పడ్డాడు. రిటైరైనవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ ఉంటున్నారట. కొండల మీద మెట్లు మెట్లుగా వరిమళ్లు, దగ్గరలోనే సముద్రం, పెరటినిండా కొబ్బరిచెట్లు, తక్కువ అద్దెకు ఇల్లు. వరిపొలం కంటికి కనిపించకపోతే ఆయనకు అన్నం సయించదు. సముద్రమేమో తండ్రి వదిలివచ్చిన ఊరితోనే పోయింది. రెండూ ఒకేచోట దొరుకుతుంటే ఇంకేం కావాలని ఆయన వాదన.

సరోజినీదేవి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఎండ సంగతేమిటంది. సిరుగుప్ప ఎండలో పుట్టి పెరిగినవాడికి ఎండేంది అన్నాడు. ఎండ వేరు, ఉక్కపోత వేరంది. భూకంపాలు వస్తాయట కదా అంది. భాష రాదే అంది. మా నాయన కన్నడం నేర్చుకొనే ఈడికి వచ్చినాడా అన్నాడు. అక్కడ పరదేశీయుల పేరున భూమి రాయరంట కదా అని అడిగినప్పుడు మాత్రం ఆయన చేతిలోని ఫోను పక్కన పెట్టేశాడు. సెంటు భూమి తనది కాని చోట చచ్చేదాకా ఉండాలనే మాట గుండెలో ముల్లులా దిగింది. పొద్దున పోదామనిపించేది, సాయంత్రానికి వద్దనిపించేది.

ఆమె ప్రశ్నలు ఇంకా ఆగలేదు. అక్కడ పెరుగు దొరుకుతుందా? ఆ ఉక్కకు నూలు చీరలే మేలు కదా? ఆడవాళ్లు పొద్దుగూకాక ఒంటరిగా రోడ్డు మీద నడవవచ్చా? వద్దనడానికి ఇన్ని సాకులా అని ఆయన విసుక్కున్నాడు.

చివరికి దారి కూడా ఆమే చూపించింది.

"మనోళ్లు కొత్త ఊరికి ఎట్ల పోయినారో మీకు తెలీదా? ముందు ఒకరు పోయేది. ఒక పంటకాలం ఉండి, ఆ నీళ్లు తాగి, వండుకొని తిని చూసేది. ఆ మనిషి సరే అంటేనే ఇల్లు కదిలేది. మామయ్య అట్లనే కదా వచ్చినారు."

నిజమే. కృష్ణా జిల్లా నుంచి కాలువ కింద భూములు చూడటానికి కోటిలింగం తండ్రి ఒంటరిగానే వచ్చి, సిరుగుప్ప పక్కనున్న కెంచనగుడ్డ దగ్గర గుడిసె వేసుకొని ఒక పంట తీశాడు. ఆ పంటకాలమంతా అక్కడ భార్య బెంగతో చిక్కిపోయిందట, ఇక్కడ ఆయన మాడిన అన్నం తిన్నాడట. ఈ వంట పాఠాలు అందుకేనన్నమాట. కోటిలింగం సరేనన్నాడు. ఒకే కవరులో దాచిన ఇద్దరి పాస్‌పోర్టులూ తీసి కోడలు ఉష చేతికిచ్చి, "ఒక్క టికెట్టే తీయమ్మా," అన్నాడు. ఉష అత్త వైపు చూసింది. అత్త తలాడించింది.

అసలు తికమక ఆ తర్వాత మొదలైంది. సరోజినీదేవి ఉషను వెంటబెట్టుకొని బళ్లారి ఆసుపత్రికి పోయి వచ్చింది. ఎందుకని అడిగితే ఊరికే చూపించుకున్నానంది. తన బీపీ మాత్రలు సంచినిండా తెచ్చి, బీరువాలో పెట్టి తాళం వేసింది. మరునాటి నుంచి గ్యాసు ఎట్లా బుక్ చేయాలో, ఆవకాయ జాడీ ఏ అటక మీద ఉందో, కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది. ఇండోనేషియా పోయేవాడికి సిరుగుప్ప గ్యాసుతో ఏం పని?

కోటిలింగం అన్నీ కలిపి లెక్క వేసుకున్నాడు. ఈమెకేదో జబ్బు చేసింది. నాకు చెప్పడం లేదు. తాను పోయాక మొగుడు పస్తులుండకూడదని ముందే అన్నీ నేర్పుతోంది. ఆ పూట తాను వండిన అన్నం ముందు తానే కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"సరోజా, నేను యాడికీ పోను," అన్నాడు. "నీకు ఏమన్నా అయితే నేనేం చేసేది? నువ్వు లేని ఇంట్లో నేనుండలేను."

వడ్డిస్తున్న ఆమె చేయి ఆగింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నాకేం కాలేదండీ. గుండ్రాయి మాదిరి ఉన్నావమ్మా అని డాక్టరే చెప్పినాడు. ఒక పంటకాలమే కదా, స్వల్ప ఓర్చుకోండి."

నమ్మాలో వద్దో ఆయనకు తెలియలేదు. ఉషను పక్కకు పిలిచి అడిగాడు. అత్తమ్మకు పరీక్షలన్నీ బాగానే వచ్చాయని చెప్పి, ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకొని గబగబా వెళ్లిపోయింది. అది ఏడుపో నవ్వో తేలలేదు.

ప్రయాణం రోజు చంద్రశేఖర్ కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. హాల్లో పెద్ద సూట్‌కేసు సిద్ధంగా ఉంది. దాన్ని తానే సర్దుతానని సరోజినీదేవి పట్టుబట్టి, ఆయన్ను చెయ్యి పెట్టనివ్వలేదు. ఇప్పుడు ఆమె గుమ్మం దగ్గర కూర్చొని కొత్త చెప్పుల పట్టీ బిగించుకుంటోంది. సాగనంపడానికి బెంగుళూరు దాకా వస్తోంది కాబోలని ఆయన మనసు కాస్త కుదుటపడింది. దండెం మీద తన పంచెలు రెండు మిగిలిపోయాయని చూసి, మడిచి తెచ్చి, సూట్‌కేసును పడుకోబెట్టి జిప్పు లాగాడు.

పైన బీపీ మాత్రల సంచి, లోపల అన్నీ నూలు చీరలే.